ప్లాన్‌లోనే ఒక ఖాళీ పైపు చూపించమనండి

సంపాదకులకు,

కర్నూలులో కల్లూరు వైపు, నంద్యాల చెక్‌పోస్టు దాటాక కొత్తగా లేస్తున్న ఇళ్లలో కరెంటు పంచే డీబీ బాక్సు ఎక్కడ, సంపు ఎక్కడ, ట్యాంకు ఎక్కడ అన్నది పునాది తీయకముందే తేలిపోతుంది. ఇంటర్నెట్ తీగ మాత్రం గృహప్రవేశం అయ్యాక వస్తుంది. స్తంభం మీంచి మేడ మీదికి, అక్కడి నుంచి కిటికీ సందులోంచి హాల్లోకి. రెక్క వేసిన ప్రతిసారీ, కాంతితో సంకేతం మోసే ఆ ఫైబర్ తీగ నలుగుతుంది. మడత పడ్డచోట కాంతి బయటికి జారిపోయి, ఇంటర్నెట్ బాక్సు మీద ఎర్రలైటు వెలుగుతుంది. మళ్లీ టెక్నీషియన్‌కు ఫోను.

నగరపాలక సంస్థను కోరేది పెద్దదేమీ కాదు. గేటు దగ్గరి నుంచి ఇంట్లో ఇంటర్నెట్ పరికరాలు పెట్టే ఒక గూటి దాకా ఆ తీగ కోసం 25 ఎంఎం ఖాళీ పైపు, ఆ గూటి నుంచి ప్రతి గదికీ విడివిడిగా పైపు ఉన్నట్టు ఇంటి అనుమతి ప్లాన్‌లో చూపించమనాలి. 2016 జాతీయ భవన నిర్మాణ నియమావళిలోనే సమాచార వైరింగుకు వేరే విభాగం ఉంది. భవనాల డిజిటల్ కనెక్టివిటీకి రేటింగ్ ఇచ్చే నిబంధనలను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చింది. ఇవన్నీ మూడు సెంట్ల ఇంటిదాకా దిగాలంటే ప్లాన్ షీటు మీద ఆ గీత పడాల్సిందే. స్లాబుకు ముందు వేసే పైపు ఖర్చు, రంగులయ్యాక గోడకు గాడి కొట్టించే ఖర్చు ముందు లెక్కలోకే రాదు.

గూడు మెట్ల కింద గానీ నడవలో గానీ ఉండాలి. రెండడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, అరడుగు లోతు, మధ్యలో అడ్డంగా ఒక కడప బండ చాలు. అటక మీద మాత్రం వద్దు. ఒక ఇంటర్నెట్ లైనును చాలా గదులకు పంచే నెట్‌వర్క్ స్విచ్‌లు, ఇళ్లలో వాడేవి చాలావరకు 40 డిగ్రీల దాకానే పనిచేస్తాయని వాటి కాగితంలోనే ఉంటుంది. మే నెలలో మన స్లాబు కింద అంతకు మించే ఉంటుంది. తలుపు జాలీది పెట్టాలి. లోపల నాలుగు సాకెట్లు, అవీ ఇన్వర్టర్ లైను మీద. రౌటర్‌ను ఇనుప పెట్టెలో బిగించి వైఫై రావడం లేదనడం మామూలైపోయింది. ఫైబర్ బాక్సు, ఎనిమిది పోర్టుల గిగాబిట్ (1000 మెగాబిట్ల) స్విచ్ గూట్లో ఉండాలి, వైఫై ఇచ్చే పరికరం హాలు సీలింగుకు రావాలి. దానికి కరెంటు కూడా ఇంటర్నెట్ మోసే అదే క్యాట్6 రాగి కేబుల్‌లో పంపాలంటే పీఓఈ స్విచ్ తీసుకోవాలి.

పైపు మలుపుల్లో ఎల్బోలు వద్దు, పొడవాటి బెండ్లు వాడాలి. ఒక పైపులో నాలుగు కేబుళ్లకు మించకూడదు, లాగడానికి లోపల ఒక తీగ వదలాలి. కరెంటు పైపులోనే ఇదీ తోసేయడం అన్నిటికన్నా ప్రమాదం. తోలు లేచిన చోట 230 వోల్టులు నేరుగా కంప్యూటర్‌లోకి రావచ్చు. పక్కపక్కన సాగేచోట అడుగు ఎడం ఉంచి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించాలి.

కేబుల్ కొనేటప్పుడు బ్లేడుతో తీగ గీకి చూడండి. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగిపూత పూసిన అల్యూమినియం. కొసన పిన్నులు నొక్కి బిగించే (క్రింపింగ్) చోట విరుగుతుంది, పీఓఈ పంపితే వేడెక్కుతుంది. 'క్యాట్6' అని పైన అచ్చు వేసి ఉంటే సరిపోదు.

ఇక కేబుల్ కొసన పిన్నుల జాయింట్ల సంగతి. ఎక్కువ ఫిర్యాదులకు మూలం ఇక్కడే ఉంది. కేబుల్‌లో రెండేసి చొప్పున మెలిపడిన ఎనిమిది తీగలుంటాయి. పిన్నుల్లో వాటి వరుస నారింజ-తెలుపు, నారింజ, ఆకుపచ్చ-తెలుపు, నీలం, నీలం-తెలుపు, ఆకుపచ్చ, గోధుమ-తెలుపు, గోధుమ. ఆకుపచ్చ జంట మూడో పిన్నుకు, ఆరో పిన్నుకు విడిపోవడం చూసి కొందరు పొరపాటనుకుంటారు. జంటలన్నీ పక్కపక్కనే పెట్టి, రెండు కొసలూ ఒకేలా ఉన్నాయి కదా అంటారు. చౌక టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వెలుగుతాయి కూడా. కానీ మూడు, ఆరు పిన్నులకు వెళ్లే తీగలు ఒకదానితో ఒకటి మెలిపడినవి కానప్పుడు పక్క జంట సంకేతం వాటిలోకి చొరబడుతుంది. దూరం పెరిగేకొద్దీ వేగం పడిపోతుంది, లేదా లైను వస్తూ పోతూ ఉంటుంది. మెలికను అర అంగుళానికి మించి విప్పినా కొంత ఇదే నష్టం. ఒక్క తీగకు పిన్ను సరిగా తగలకపోయినా గిగాబిట్ లైను 100 మెగాబిట్లకు దిగవచ్చు. 300 మెగాబిట్ల ఇంటర్నెట్‌కు డబ్బు కట్టి 95 దగ్గర ఆగిన ఇంట్లో ముందు చూడాల్సింది ఇదే, కంపెనీని తిట్టడం తర్వాత.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ విద్యార్థులకు ఈ పని చేతులారా నేర్పాలి. ఇల్లు అప్పగించే వైర్‌మ్యాన్ ప్రతి పోర్టు మీదా గది పేరు రాసి, ఒక్కో లైనుకు ల్యాప్‌టాప్ తగిలించి 1000 మెగాబిట్లు చూపించాకే కూలి తీసుకునే పద్ధతి రావాలి. ఇప్పటికే కట్టేసిన ఇళ్లకు గోడ అంచున కేసింగ్ పట్టీ వేసి, ఫైబర్‌ను కిటికీలోంచి కాకుండా గోడకు చిన్న రంధ్రం చేసి తెచ్చుకోవచ్చు. ఆ రంధ్రం బయటికి వాలుగా ఉండాలి, లేకపోతే వాన నీళ్లు తీగ వెంబడే లోపలికి దిగుతాయి.

– ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్, కర్నూలు