మా కాకటీల్ పక్షి పిల్లలు బతికాయి, మీ అందరి వల్లే

అరసవల్లి రోడ్డు మావయ్యకి, గరివిడిలో వెటర్నరీ చదువుతున్న చెల్లెమ్మకి, తన చిన్న తూకం మా ఇంట్లోనే వదిలేసి వెళ్లిన బంగారం పని అన్నయ్యకి, విశాఖ నుంచి ఫార్ములా (పక్షి పిల్లలకి నీళ్లలో కలిపి పెట్టే మేత పొడి) డబ్బా తెచ్చిన తమ్ముడికి, వానకి కరెంటు పోయిన రాత్రి వేడినీళ్ల సీసాలు పట్టుకుని వచ్చిన పక్కింటి పిన్నికి పేరుపేరునా దండాలు. పేర్లు రాయొద్దని మావయ్య గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు.

తెలియని వాళ్ల కోసం సంగతి చెప్తాను. శ్రీకాకుళంలో మా ఇంట్లో ఉన్న కాకటీల్ (తల మీద కుచ్చు ఉండే చిన్న చిలక జాతి పెంపుడు పక్షి) జంట మొదటిసారి పిల్లల్ని చేసింది, ఐదు పిల్లలు. ఇవి రోజు విడిచి రోజు గుడ్డు పెడతాయి, అన్నీ పెట్టకముందే పొదగడం మొదలెడతాయి, అందుకని మొదటి పిల్లకీ ఆఖరి పిల్లకీ వారం తేడా వచ్చేసింది. పెద్దవి మెడ సాచి అరుస్తుంటే తల్లీ తండ్రీ వాటికే పెట్టేసేవి. అడుగున పడిపోయిన రెండు చిన్నవాటికి గొంతు కింద ఉండే మేత సంచి ఎప్పుడు చూసినా ఖాళీ, ఒళ్లు ఎర్రగా ముడతలు పడిపోయి, వేళ్లు పుల్లల్లా అయిపోయాయి. ఆ టెన్షన్ ఇప్పుడు తలుచుకున్నా ఒళ్లు జలదరిస్తుంది.

పక్షులు అమ్మే ఒక చోట అడిగితే, అన్నిటినీ గూట్లోంచి తీసేసి చేత్తో పెంచండి, బాగా మచ్చికవుతాయి, రేటు కూడా ఎక్కువ పలుకుతుంది అన్నారు. మావయ్య మాత్రం ఫోన్లోనే ఆపేశారు. "ఏటి బాబూ, అమ్మా నాన్నా బతికుండగా పిల్లల్ని తీసేస్తావా? మేత నువ్వు పెట్టు, పిల్లల్ని అవే పెంచుకుంటాయి" అన్నారు. నేను ఈ పోస్టు రాస్తున్నది ముఖ్యంగా ఆ ఒక్క మాట కోసమే. ఆ మాట లేకపోతే ఐదు పిల్లలూ తల్లికి దూరమయ్యేవి.

ఆయన చెప్పినట్టే ముందు తల్లీ తండ్రీ పక్షుల తిండి మార్చాం. ఉత్త గింజలు పిల్లల్ని మేపడానికి చాలవట. ఉడికించిన గుడ్డు చిదిమి, మొలకెత్తిన పెసలు, ఉడికించిన మొక్కజొన్న, కొంచెం మునగాకు కలిపి తెల్లవారగానే పెట్టేవాళ్లం, మన ఉక్కపోతకి అది తొందరగా పులిసిపోతుంది కాబట్టి రెండు మూడు గంటలకే తీసేసి మళ్లీ కొత్తది పెట్టాలి, ఆ పని మా అమ్మ ఒక్క పూట కూడా తప్పించలేదు. కాల్షియం కోసం సముద్రపు నురుగు ముక్క (కటిల్ ఫిష్ అనే సముద్రజీవి లోపలి తెల్లటి పెంకు) పంజరానికి కట్టాం. తండ్రి పక్షి ఆ మెత్తటి తిండి రుచి మరిగాక మేపడంలో వచ్చిన తేడా మాకే కనిపించింది.

చిన్న పిల్లలకి తల్లీ తండ్రీ పెట్టేదానికి తోడు మనం కాస్త ఫార్ములా అందించడం చెల్లెమ్మ వీడియో కాల్‌లో దగ్గరుండి నేర్పింది. ముందు పిల్ల ఒళ్లు వెచ్చబడాలి, చల్లగా ఉన్న పిల్లకి పెడితే అరగదు. ఫార్ములా 39 నుంచి 41 డిగ్రీల మధ్య ఉండాలి, మరీ వేడైతే మేత సంచి లోపల కాలిపోతుంది, చల్లారితే పిల్ల తినదు, అందుకే థర్మామీటర్ పెట్టి చూడమంది, చేతి అంచనా వద్దంది. చుక్క చుక్కగా, పిల్ల మింగుతున్న కొద్దీ వేయాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంకో మాట చెప్పింది, నాకు అది బంగారం: సంచి నిండా పెట్టొద్దు, సగం పెట్టి గూట్లోకి పంపేయ్, ఆకలి ఉంటేనే పిల్ల అరుస్తుంది, అది అరిస్తేనే తల్లి పెడుతుంది. పెద్ద పిల్లల్ని కాసేపు వెచ్చటి డబ్బాలో పక్కన ఉంచితే ఆ లోపు చిన్నవాటి వంతు కూడా వచ్చేది.

గుడ్డులోంచి వచ్చేటప్పుడు ఈ పిల్ల ఐదు గ్రాములు ఉంటుంది, కూరగాయల తూకం దానికి ఏం పనికొస్తుంది! అన్నయ్య తూకం లేకపోతే బరువు పెరుగుతోందో తగ్గుతోందో తెలిసేదే కాదు. రోజూ పొద్దున్న మేతకి ముందు తూచి క్యాలెండర్ మీద రాసుకున్నాం.

ఐదూ ఈకలు కట్టి గూట్లోంచి బయటికి వచ్చేశాయి. అన్నిటికన్నా చిన్నది ఆలస్యంగా వచ్చింది, కానీ వాళ్ల నాన్న ఇంకా దాని వెనకే తిరిగి పెడుతున్నాడు.

రామచిలక పిల్లలకి కూడా ఇలాగే చేయొచ్చా అని ఒకరిద్దరు అడిగారు. మన రామచిలకల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, పిల్ల దొరికితే అటవీ శాఖ వాళ్లకి చెప్పండి.

మావయ్య డబ్బు ముట్టుకోలేదు, పిన్ని టీ కూడా తాగలేదు. ఫార్ములా సగం డబ్బా మిగిలింది, గాలి తగలకుండా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాను. మన జిల్లాలో ఎవరి గూట్లోనైనా పిల్లల సంచులు ఖాళీగా కనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, రాత్రయినా సరే, తీసుకొచ్చి ఇస్తాను.