ఉప్పల్ బస్సులో నా చేతుల్లో చిల్లర పోసిన అక్కకు

రాత్రి ఒంటిగంట దాటింది. డాక్టర్ రాసిచ్చిన చిన్న మాత్ర వేసుకున్నా కన్ను మూతపడటం లేదు. ఒళ్ళంతా ఎవరో పిండి ఆరేసినట్టుంది. రేపు తీరిగ్గా రాద్దామంటే, రేపటికి ఈ మాటలు ఇంత పచ్చిగా ఉండవేమోనని భయం. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మంగళవారం పొద్దున హన్మకొండలో ఉప్పల్ పోయే ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. హైదరాబాద్‌లో ఇంకో గుండె డాక్టర్‌కు చూపించుకోవడానికి. నాలుగు నెలల్లో ఆయన నాలుగో డాక్టర్. ఒళ్ళో రిపోర్టుల కవర్, చేతిలో నీళ్ళ సీసా. మా ఆయన వస్తానంటే నేనే వద్దన్నాను, ఇప్పటికే ఆయనకు సెలవులన్నీ నా కోసమే అయిపోయాయి.

జనగామ దాటేదాకా బాగానే ఉన్నాను. పెంబర్తి దగ్గర మొదలైంది. ముందు గొంతు దగ్గర ఏదో అడ్డం పడినట్టు, తర్వాత గుండె దడదడ. ఇది నాకు కొత్త కాదు, కానీ ప్రతిసారీ ఇదే ఆఖరిసారి అనిపిస్తుంది. పాప మొహం కళ్ళ ముందు ఆడింది. ఎంత గాలి పీల్చినా చాలడం లేదు. మూతి చుట్టూ తిమ్మిరి. చేతివేళ్ళు వాటంతటవే ముడుచుకుపోయి కొయ్యబారిపోయాయి, బొటనవేలు అరచేతిలోకి దూరిపోయింది. అప్పుడే టికెట్లు కొడుతూ కండక్టర్ అక్క నా సీటు దగ్గరికి వచ్చి "ఆధార్ చూపియ్యి బిడ్డా" అంది. ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కోసం. పర్సు జిప్పు తీద్దామంటే వేళ్ళు తెరుచుకోలేదు. నోట్లోంచి మాట రాలేదు. ఆమె వైపు చూశానంతే.

ఆమె నా చేతులు చూసింది. ఇంకేమీ అడగలేదు. టికెట్ మెషిన్ పక్కకు జరుపుకుని నా పక్కన కూర్చుంది. ఆమెకు యాభైకి దగ్గర ఉంటాయి. నా వేళ్ళను ఒక్కొక్కటే పట్టుకుని, బెండకాయ విరగకుండా వంచినట్టు, మెల్లగా తెరిచింది. "ఆధార్ తర్వాత జూస్త. ముందుగాల నా మొకం జూడు. సచ్చిపోతున్న అనిపిస్తున్నదా? గట్లనే అనిపిస్తది బిడ్డా, కని సావరు. మా చెల్లెను రెండేండ్ల సంది జూస్తున్న నేను."

నాలుగు నెలల్లో నా లోపల ఏమవుతోందో నేను చెప్పకుండానే తెలిసిన మొదటి మనిషి ఆమె.

డ్రైవర్‌కు కేకేసి బస్సు రోడ్డు పక్కన ఆపించింది. నన్ను లేపి ముందు డోర్ దగ్గర సీట్లో, గాలి తగిలేచోట కూర్చోబెట్టింది. వెనక నుంచి ఎవరో లేటవుతుందని గొణిగారు. "నీ బిడ్డయితే ఆపుమంటవా, వద్దంటవా?" అంది, అంతే, మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. నోటితో ఎగపీల్చొద్దని, ముక్కుతో కొంచెమే తీసి మెల్లగా వదలమని చెప్పింది. తర్వాత తన డబ్బుల సంచిలోంచి రెండు దోసిళ్ళ చిల్లర తీసి నా చున్నీలో పోసింది.

"గీ చిల్లర జర ఏరిపెట్టు. రూపాయిలు ఒక దిక్కు, రెండ్లు ఒక దిక్కు, అయిదులు ఒక దిక్కు. నాకు డ్యూటీ ఉన్నది, నువ్వే చెయ్యాలె."

చచ్చిపోతున్నాననుకుంటున్న మనిషికి పని చెప్పింది. ఆ క్షణంలో అర్థం కాలేదు. కానీ ఆమె పని ఆగిపోతుందేమోనని మొదలుపెట్టాను. రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు కొన్ని చూడటానికి ఒకేలా ఉంటాయి కదా, కంటి దగ్గర పెట్టుకుని అంకె చదివితే తప్ప తెలియదు. వణికే వేళ్ళతో ఒక్కో బిళ్ళ ఎత్తి, చదివి, పక్కన పెట్టడం. చెమటకు జారిపోతున్నాయి. మధ్యలో ఒక పది రూపాయల బిళ్ళ వచ్చింది, చుట్టూ పసుపు, మధ్యలో తెలుపు. మా వీధి కొట్లో ఇది చెల్లదని తిప్పి పంపేస్తారు. అది ఏ కుప్పలో వెయ్యాలో తెలియక చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తల ఎత్తి చూసేసరికి బస్సు కదిలింది, ఆలేరు వస్తోంది, నా ఊపిరి నాకే తెలియకుండా నిదానించింది. వేళ్ళు వదులయ్యాయి.

అక్క వచ్చి కుప్పలు లెక్కపెట్టుకుంది. "మంచిగ జేసినవ్" అని, తన కొంగుతో నా మొహం తుడిచి, "పొద్దుగాల ఏమన్న తిన్నవా?" అంది.

అప్పటిదాకా నేను ఏడవలేదు. ఆ మాటకు మాత్రం కట్ట తెగినట్టయింది. బస్సు నిండా జనం. సిగ్గు కూడా వేయలేదు. నాలుగు నెలలుగా బీపీ ఎంత, షుగర్ ఎంత, పల్స్ ఎంత అని అడిగినవాళ్ళే గానీ తిన్నావా అని అడిగిన మనిషి ఇంటి బయట లేరు. తన టిఫిన్ డబ్బాలోంచి టమాట తొక్కు కలిపిన అన్నం మూతలో పెట్టి ఇచ్చింది. నాలుగు ముద్దలు తిన్నాను. భువనగిరి వచ్చేదాకా టికెట్లు కొట్టుకుంటూనే నా వైపు చూస్తూ ఉంది. ఉప్పల్‌లో దిగేటప్పుడు చెయ్యి పట్టుకుని ఒకే మాట చెప్పింది: "గుండె డాక్టర్‌కు గూడ సూపెట్టుకో, వద్దంటలేను. కని మనసు డాక్టర్ దగ్గరికి గూడ పో. శరం పడకు."

పేరు అడగలేదు నేను. అడగాలన్న తెలివి కూడా లేదప్పుడు. టికెట్ మాత్రం దాచుకున్నాను. దాని మీద అక్షరాలు కొన్నాళ్ళకు వెలిసిపోతాయి కాబట్టి ఫోటో కూడా తీసి పెట్టాను. ఆమెకు ఇష్టమో కాదో తెలియదు కాబట్టి ఇక్కడ పెట్టడం లేదు.

ఆ రోజు గుండె డాక్టర్ పాత ఈసీజీలన్నీ పరిచి చూసి, గుండె బాగుందన్నారు. మనసు డాక్టర్‌కు చూపించుకోనా అని నేనే అడిగాను. "చూపించుకుంటే మంచిదేనమ్మా" అన్నారు. అదే మాట ఇన్నాళ్ళూ ఎవరైనా అంటే బాగుండు కదా.

ఇక్కడ నా కడుపులోది కక్కుకోవాలి. నాలుగు నెలల్లో ఐదు ఈసీజీలు, ఒక టూడీ ఎకో, ఒక ట్రెడ్‌మిల్ పరీక్ష, థైరాయిడ్, చివరికి ఎండోస్కోపీ కూడా. 40 వేలు దాటింది. రెండుసార్లు అర్ధరాత్రి క్యాజువాలిటీ. గుండె పరీక్షలు తప్పని నేననను, మొదటిసారి చెయ్యాల్సిందే, గుండె జబ్బు లేదని తేల్చుకోవాల్సిందే. కానీ ప్రతిసారీ కాగితం చేతిలో పెట్టి "అంతా నార్మల్, మీకేం లేదు, గ్యాస్" అని పంపేశారు. ఏం లేకపోతే నా వేళ్ళెందుకు ముడుచుకుపోతున్నాయి? "ఏం లేదు" అనే మాట ఎంత భయపెడుతుందో వాళ్ళకు తెలియదు. ఎవరూ కనుక్కోలేని పెద్ద జబ్బేదో ఉందనుకుని రాత్రులు కూర్చునేదాన్ని. ఒకచోట నర్సమ్మ "యాక్టింగ్" అని పక్కామెతో అనడం నా చెవిన పడింది.

గురువారం మనసు డాక్టర్ పాతిక నిమిషాలు కూర్చోబెట్టి చెప్పారు. దీన్ని పానిక్ అటాక్ అంటారట. పులి ఎదురైతే ఒంట్లో ఏం జరుగుతుందో, పులి లేకుండానే అదంతా జరగడం. అడ్రినలిన్ పొంగుతుంది, గుండె పరిగెడుతుంది. గాలి చాలట్లేదని మనం ఎగపీలుస్తాం, దాంతో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి తిమ్మిరి, కళ్ళు తిరగడం, వేళ్ళు ముడుచుకుపోవడం. సాధారణంగా పది నిమిషాల్లోపే తారాస్థాయికి పోయి, తర్వాత దానంతటదే దిగుతుందన్నారు. చిల్లర సంగతి చెబితే ఆయన నవ్వి, ఆమె సరిగ్గా చెయ్యాల్సిందే చేసింది, భయం మీదున్న ధ్యాసను చేతి మీదికి తెచ్చింది అన్నారు. రోజూ వేసుకునే మందు పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందట, నడుమ నేనే ఆపెయ్యొద్దని గట్టిగా చెప్పారు. చిన్న మాత్ర కొన్ని రోజులకే, అలవాటు పడకూడదు. దాంతోపాటు కౌన్సెలింగ్, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే భయపెట్టే ఆలోచనల్నీ అలవాట్లనూ మార్చుకోవడం నేర్పే వైద్యం. ఆ ఫీజు వారం వారం ఎలా కట్టాలో ఇంకా ఆలోచించలేదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఒంటి జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఉండాలి. కానీ నా పాలసీ ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాళ్ళకు పైసా రాదు. ఈ జబ్బుతో చాలామందిమి నడిచి వెళ్ళేవాళ్ళమే.

ఇంకో మాట. హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ అనే పేరును మనమంతా కలిసి తిట్టుగా మార్చేశాం. ఎవరైనా కొంచెం తేడాగా మాట్లాడితే ఎర్రగడ్డకు పంపాలనడం. నేనూ అన్నాను, కాలేజీ రోజుల్లో చాలాసార్లు. నాలుగు నెలలు మనసు డాక్టర్ గడప తొక్కకపోవడానికి అదీ ఒక కారణమని ఇప్పుడు తెలుస్తోంది. అక్కడ వైద్యం తీసుకునేవాళ్ళందరికీ, వాళ్ళ ఇంటివాళ్ళకూ నా క్షమాపణలు.

మా ఆయన, అమ్మ, అత్తమ్మ, తమ్ముడు... వీళ్ళకు థాంక్స్ చెబితే కోప్పడతారు. పాపను స్కూలుకు తయారు చేసింది, వంట చేసింది, రాత్రిళ్ళు నాతోపాటు మేలుకున్నది వాళ్ళే. వాళ్ళకు తెలుసు.

పోస్ట్ చేద్దామనుకునేసరికి గుర్తొచ్చారు, మన్నించాలి: బస్సు ఆపిన డ్రైవరన్న, డోర్ దగ్గర సీటు ఇచ్చి ఉప్పల్ దాకా నిలబడే వచ్చిన కాలేజీ అబ్బాయి. కిందపడిన రిపోర్టులన్నీ ఏరి వరసగా పెట్టిచ్చిన పెద్దాయన.

బుధవారం రాత్రి మళ్ళీ దడ మొదలైతే 14416కు ఫోన్ చేశాను. టెలీ మానస్, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైన్, 2022 నుంచి ఉందట, 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడారు. ఆ గొంతు ఎవరిదో తెలియదు. దడ తగ్గేదాకా ఫోన్ పెట్టెయ్యలేదు, గురువారం డాక్టర్ దగ్గరికి తప్పకుండా వెళ్తానని నాతో మాట తీసుకున్నారు. ఆమెను ఎలా మర్చిపోయానో అర్థం కావడం లేదు. నేను పనిచేసే స్కూల్ హెచ్ఎం మేడమ్‌కు కూడా థాంక్స్, సెలవు అడిగితే కారణం అడగనందుకు.

ఇంకొకటి. ఇందాక చున్నీ మడత పెడుతుంటే కొంగు ముడిలోంచి పది రూపాయల బిళ్ళ కింద పడింది. ఏ కుప్పలో వెయ్యాలో తెలియక పట్టుకు కూర్చున్నానే, అదే. ఎప్పుడు ముడేసుకున్నానో గుర్తు లేదు. డిపోలో డబ్బు అప్పజెప్పేటప్పుడు లెక్క తగ్గి, అక్క తన జేబులోంచి వేసుకుని ఉంటుంది. మంగళవారం పొద్దున హన్మకొండ నుంచి ఉప్పల్ వచ్చిన ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నవాళ్ళెవరైనా ఇది చదివితే, లేదా ఆ రూట్లో రోజూ తిరిగేవాళ్ళు ఆమెను గుర్తుపడితే, ఈ పది రూపాయలు నా దగ్గరే ఉన్నాయని చెప్పండి. ఆదివారం హన్మకొండ బస్టాండ్‌కు వెళ్ళి ఉప్పల్ బస్సులు ఆగేచోట నిలబడతాను.