పెంకుల మీద ప్రెషర్ మిషన్లా?

సంపాదకుల వారికి,

వానలు తగ్గి సంక్రాంతి దగ్గరపడుతుంటే కోనసీమలో ఇళ్ల మీద పాచి గీకించే పని మొదలవుతుంది. ఈమధ్య ఆ పనికి కార్లు కడిగే ప్రెషర్ మిషన్లు ఎక్కిస్తున్నారు. ఆ పూటకి ఇల్లు ఎర్రగా మెరుస్తుంది, నిజమే. కానీ వంద బార్ల (బారు అంటే ఒత్తిడి కొలత) ఒత్తిడికి మంగుళూరు పెంకు పైపొర లేచిపోతుంది. గరుకు తేలిన చోట మరుసటి ఏడు పాచి ఇంకా చిక్కగా పడుతుంది. చూరు దగ్గర నిలబడి పైకి కొడితే నీళ్లు సందుల్లోంచి దూరి రీపర్లు, వాసాలు నానిపోతాయి. పాత సిమెంటు రేకుల జోలికైతే మిషను పోనేకూడదు. వాటిలో ఉండే ఆస్‌బెస్టాస్ నార లేచి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

పాచి చచ్చేది మందుకి, అంటే సోడియం హైపోక్లోరైటు (‘హైపో’ అంటాం) లాంటి క్లోరిన్ మందుకి. ఆ మందును పైకి చేర్చి సమంగా పరచడం వరకే పంపు పని. నాలుగైదు బార్లు చాలు. పది మీటర్ల ఎత్తుకి పోయేది ఒక్క బారే. కాబట్టి లోపల రబ్బరు పొర (డయాఫ్రం) ఆడుతూ నీళ్లు తోడే 12 వోల్టుల డయాఫ్రం పంపు సరిపోతుంది. కొనేటప్పుడు చూడాల్సింది లోపలి రబ్బరు. హైపోకి నైట్రైల్ రబ్బరు తట్టుకోలేదు, వాల్వులు కారతాయి. వైటాన్ రబ్బరు గానీ ఈపీడీఎం రబ్బరు గానీ ఉండాలి. షాపులో అడిగితే ‘అన్నిటికీ పనికొస్తుందండీ’ అంటారు, నమ్మకండి. మందు చిమ్మే గన్ను ఇత్తడిదైతే చిలుము పడుతుంది, స్టీలుకీ గుంటలు పడతాయి. ప్లాస్టిక్ గన్ను, ప్లాస్టిక్ నాజిలే మేలు. చేలో మందు కొట్టిన స్ప్రేయరు మాత్రం వద్దు. అడుగున మిగిలిన పురుగుమందు హైపోతో కలిస్తే విషవాయువులు రావచ్చు.

వరికి వాడే కోన్ నాజిల్ పొగమంచులా కొడుతుంది. గాలికి అదంతా పనివాడి కళ్లలోకే. విసనకర్రలా పరిచి కొట్టే ఫ్యాన్ నాజిల్ పెట్టాలి. నాజిల్ నంబరు 11003 అంటే 110 డిగ్రీల వెడల్పు, 3 బార్ల దగ్గర నిమిషానికి 1.2 లీటర్లు, రంగు నీలం. 11004 ఎరుపు, 1.6 లీటర్లు. ఇవి వీపున వేసుకునే బ్యాటరీ స్ప్రేయరుకి సరిపోతాయి. నిమిషానికి 15 లీటర్లు తోడే పంపుకి ఇదే నాజిల్ బిగిస్తే పంపు టకటకా ఆగుతూ, అందుకుంటూ ఉంటుంది, ఒత్తిడిని బట్టి పంపును ఆపే ప్రెషర్ స్విచ్చి నాలుగు రోజుల్లో కాలిపోతుంది. దానికి పది లీటర్లకు పైగా వదిలే పెద్ద నాజిల్ కావాలి. ఒత్తిడి పెంచితే సరిపోదా అంటారు. నీళ్లు రెట్టింపు కావాలంటే ఒత్తిడి నాలుగింతలు కావాలి.

10 శాతం హైపో లీటరుకి నాలుగు లీటర్ల నీళ్లు కలిపితే 2 శాతం మందు. చెరువులకు వాడే బ్లీచింగ్ పౌడరైతే, 30 శాతం క్లోరిన్ ఉన్నది కిలోకి 15 లీటర్ల నీళ్లు. ప్లాస్టిక్ డ్రమ్ములో కలిపి రాత్రంతా కదపకుండా ఉంచి, పైన తేరిన నీళ్లే తియ్యాలి. అడుగున సున్నపు మడ్డి కొంచెం లేచినా నాజిల్ మూసుకుపోతుంది. ఏ మందులోనూ యాసిడ్ చుక్క కూడా పడకూడదు, క్లోరిన్ గ్యాసు వస్తుంది. కొప్పు నుంచి చూరు వైపు కొట్టి, ఆరిపోకుండా చూస్తూ పావుగంట ఉంచి, మామూలు నీళ్లతో కడగాలి. రాతిపాచి ఆ రోజే ఊడదు, చచ్చాక వానలకి రాలుతుంది, గీకొద్దు.

మండువా లోగిలిలో నాలుగు వైపుల నీళ్లూ నడిమి వాకిట్లోకే వస్తాయి. అక్కడి బావికి ముందే పట్టా కప్పండి, మొక్కలు తడపండి, తూము చేపల చెరువులోకో పంటకాలువలోకో పోతుంటే మూసేయండి. కొద్దిపాటి క్లోరినుకే చేపలు చస్తాయి. పనయ్యాక పంపులోంచి మంచినీళ్లు పోనివ్వకపోతే ఉప్పు గడ్డకట్టి వాల్వులు పట్టేస్తాయి.

దుకాణదారులకు ఒక మనవి. డయాఫ్రం, వాల్వుల రబ్బరు ఏదో బిల్లు మీద రాసివ్వండి. ఆ విడిభాగాల కిట్టు కూడా అమలాపురం, పాలకొల్లు, భీమవరంలలో దొరికేలా ఉంచండి.

— పైకప్పుల పని చేసేవాళ్లు,
రాజోలు