మంత్రి గారూ, యాత్రల సంగతి సరే, ఫ్రీజర్ సంగతేంటండీ?

సైన్స్ శాఖ మంత్రి గారికి నమస్కారం.

సముద్రంలో, మంచు ప్రాంతాల్లో దొరికే ఫంగస్‌ల నుంచి మందులకి పనికొచ్చే కొత్త కాంపౌండ్స్ (రసాయనాలు) వెతకడం నా పని, మా చుట్టాల దృష్టిలో అయితే జీతం తీసుకుని బూజు పెంచుతుంటాను. యాత్రలు చేసి శాంపిల్స్ తేవడానికి గ్రాంట్ దొరుకుతుందండీ, తెచ్చినవాటిని బతికించుకోడానికి మాత్రం దొరకదు. నా గొడవంతా ఇదే.

కిడ్నీ మార్పిడి అయినవాళ్ళకి ఇచ్చే సైక్లోస్పోరిన్ సంగతే చూడండి. నార్వేలో హర్దాంగెర్‌విద్ద అనే చలి పీఠభూమి మట్టిలో దొరికిన ఫంగస్ నుంచి వచ్చింది, మొదట దాన్ని వేరే ఫంగస్‌లని చంపుతుందేమో అని టెస్ట్ చేశారు, అందులో పెద్దగా పనికిరాలేదు. అయినా పక్కన పడెయ్యకుండా ఇంకో టెస్ట్ పెడితే 1972లో ఇమ్యూనిటీని తగ్గించే గుణం బయటపడింది. ఆ స్ట్రెయిన్, అంటే ల్యాబ్‌లో పెంచుతున్న ఆ ఫంగస్ రకం, అప్పటికే చచ్చిపోయి ఉంటే? సెఫలోస్పోరిన్లు అనే యాంటీబయాటిక్స్ కూడా అంతే, 1945లో సార్డీనియాలో మురుగునీళ్ళు సముద్రంలో కలిసే చోట బ్రోట్జు అనే డాక్టర్ పట్టుకున్న ఫంగస్‌తో మొదలై, అసలు కాంపౌండ్ చేతికొచ్చేసరికి చాలా ఏళ్ళు పట్టింది.

మా పనిలో ఆలస్యం సోమరితనం కాదండీ. చలి ఫంగస్ కొన్ని 4 డిగ్రీల దగ్గర వారాల తరబడి పెరుగుతాయి, సముద్రపువి ఉప్పు నీళ్ళు లేకపోతే కొన్నిసార్లు కాంపౌండ్ చెయ్యడమే మానేస్తాయి, జీనోమ్ చూస్తే కాంపౌండ్స్ తయారుచేసే జీన్ల గుంపులు (జీన్ క్లస్టర్లు) బోలెడు ఉంటాయి కానీ ల్యాబ్‌లో చాలా వరకు నిద్రపోతుంటాయి, పెంచడానికి వేసే తిండి (మీడియా) మార్చి, ఉష్ణోగ్రత మార్చి, పక్కన ఇంకో సూక్ష్మజీవిని పెట్టి లేపాలి. ఇంత చేశాక అణువుల బరువు కొలిచే మాస్ స్పెక్ మెషీన్‌లో చూస్తే ఎప్పుడో తెలిసిన కాంపౌండే అని తేలడం కూడా మామూలే. కొత్తది దొరికితే లీటర్ల కొద్దీ పెంచిన ఫంగస్ కల్చర్ నుంచి కొన్ని మిల్లీగ్రాములు వస్తాయి.

మా దగ్గర ఒకసారి సెలవుల్లో కరెంట్ పోయి స్ట్రెయిన్లు దాచే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో అంతా కరిగిపోయింది. బ్యాకప్ కొనలేదు, ఎందుకంటే మెయింటెనెన్స్ ఖర్చు గ్రాంట్‌లో రాదట. శాంపిల్ తేవడానికి షిప్పుకి అయిన ఖర్చు మాత్రం వచ్చింది మరి!

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రతి గ్రాంట్‌లో స్ట్రెయిన్లు దాచడానికి విడిగా డబ్బు పెట్టండి, రీసెర్చ్ పేపర్ వెయ్యకముందే ఇంకో ఊళ్ళోని కల్చర్ కలెక్షన్‌లో (సూక్ష్మజీవుల్ని భద్రపరిచే చోట) ఒక కాపీ ఇవ్వాలని రూల్ పెట్టండి, వాటిని చూసుకునే టెక్నీషియన్‌కి పర్మనెంట్ పోస్ట్ ఇవ్వండి. ప్రాజెక్ట్‌తో పాటు మనిషి వెళ్ళిపోతే ఏ ట్యూబ్‌లో ఏముందో చెప్పేవాళ్ళే ఉండరు.

ఆ రోజు పోయినవాటిలో ఒక సముద్రపు ఫంగస్ ఉంది, దాని కాంపౌండ్ స్ట్రక్చర్ సగం తేలింది, మిగతా సగానికి ఇంకాస్త మెటీరియల్ కావాల్సొచ్చింది, కానీ స్ట్రెయిన్ మళ్ళీ లేవలేదు. ఆ సగం బొమ్మ నా నోట్‌బుక్‌లో అలాగే ఉంది, ఎప్పుడైనా ల్యాబ్‌కి వస్తే చూపిస్తాను.

ఇట్లు,
బూజు పెంచే ఒక రీసెర్చర్