పిల్లల పేజీ పాటలకి వరస కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ ఆదివారం పిల్లల పేజీలో వచ్చే గేయాలు మా మనవడికి చదివి వినిపిస్తుంటాను, బానే ఉంటాయి, కానీ ఏ వరసలో పాడాలో తెలీక ఊరికే చదవాల్సొస్తోంది, వాడేమో రెండో లైన్‌కే లేచి పారిపోతాడు.

వాడు ఎల్కేజీ. వారాల పేర్లు ఎన్నిసార్లు చెప్పించినా మంగళవారం నుంచి గురువారానికి దూకేసేవాడు. ఓ రోజు స్నానం చేయిస్తూ ట్వింకిల్ ట్వింకిల్ ట్యూన్‌లో పెట్టి పాడాను, నాలుగు రోజుల్లో నోటికొచ్చేశాయి. ట్యూన్ ముందే వచ్చు కదా, కొత్తగా పట్టుకోవాల్సింది మాటలే, పైగా ఒక పేరు వదిలేస్తే పాట కుంటుతుంది, వాడే ఆగి "అమ్మమ్మా, ఏదో పోయింది" అంటాడు. కాకపోతే ఆ వరసలో పట్టక మంగళవారం కాస్తా "మంగల్వారం" అయిపోయింది, ఇప్పుడు మామూలుగా మాట్లాడేటప్పుడూ అలాగే అంటున్నాడు, తప్పు నాదే.

ఏబీసీడీల పాటలోనూ ఇదే తంటా, ఎల్ దగ్గర్నుంచి పీ దాకా పరిగెత్తించేస్తారు, చాలామంది పిల్లలు "ఎలమెనోపీ" అనేది ఒకటే అక్షరం అనుకుంటారు. అన్నట్టు ఆ పాటదీ ట్వింకిల్‌దీ ఒకటే ట్యూన్, ఫ్రాన్స్‌లో 1761లోనే అచ్చయింది, ట్వింకిల్ మాటలు జేన్ టేలర్ రాసింది 1806లో, ఏబీసీడీలు దానికి తగిలించి అమెరికాలో అచ్చేసింది 1835లో. అంటే వాళ్ళు కూడా కొత్త ట్యూన్ కట్టలేదు, ఉన్నదాన్నే వాడుకున్నారు.

మన దగ్గర ఇదేం కొత్త కాదు. భజన పుస్తకాల్లో పాట పైన "ఫలానా పాట వరస" అని చిన్నక్షరాల్లో ఉండేది, ఆ ఒక్క ముక్క చూసి సంగీతం రానివాళ్ళు కూడా అందుకునేవాళ్ళు. మీరూ గేయం పైన అలా ఒక లైన్ వేయండి, చందమామ రావే వరసో, చెమ్మచెక్క వరసో, ఏదో ఇంట్లో అందరికీ వచ్చింది. రాసేవాళ్ళు కూడా పంపేముందు ఆ వరసలో ఒకసారి పైకి పాడి చూసుకుంటే మా మంగల్వారం లాంటివి వాళ్ళకే దొరికిపోతాయి.

ఎవరైనా రెండో ఎక్కానికి మంచి వరస కట్టి పంపితే ముందు అది వేయండి, వచ్చే ఏడాది మావాడికి ఎక్కాలు మొదలు.

ఇట్లు,
ఒక అమ్మమ్మ, తెనాలి