పోలీస్ టీమ్‌కు వారసులు మీరే: క్రీడల మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర క్రీడల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను సికింద్రాబాద్ వైపు ఒక హైస్కూల్లో పీఈటీగా చేసి రిటైరైనవాణ్ణి. పిల్లల నోట్లో మాత్రం ఎప్పుడూ డ్రిల్ సారునే. పెన్షన్ సంగతో, డీఏ బకాయిల సంగతో రాస్తున్నాననుకుంటారేమో, కాదు. ఈ ఉత్తరానికి కారణం మా ఇంట్లో ఉన్న ఒక పసుపు రంగు జెర్సీ.

2022 మార్చి 20 రాత్రి. గోవాలోని ఫతోర్దా స్టేడియంలో ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీకి, కేరళ బ్లాస్టర్స్‌కి మ్యాచ్. మా మనవడు ఆ పసుపు జెర్సీ వేసుకుని టీవీకి అడుగు దూరంలో కూర్చున్నాడు. 88వ నిమిషం దాకా మనవాళ్లు ఒక గోల్ వెనకే. ఇంట్లో అందరం లేచి కంచాలు కడుక్కునే వేళకి సాహిల్ తవోరా బయటి నుంచి కొట్టిన బంతి వెళ్లి వలలో పడింది. తర్వాత పెనాల్టీలు. గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1తో మనం చాంపియన్లం.

వాడు గెంతీ గెంతీ అలిసిపోయాక అడిగాడు. "తాతా, హైదరాబాద్ కప్పు గెలవడం ఇదే ఫస్ట్ టైమా?"

"కాదురా. నేను పుట్టకముందే గెలిచింది. ఒకసారి కాదు, వరసగా ఐదేళ్లు."

"ఏ టీమ్?"

"పోలీస్ టీమ్."

పోలీసులకు ఫుట్‌బాల్ ఏంటని పడి పడి నవ్వాడు. చూపించమని ఫోన్ నా చేతికిచ్చాడు. వెతికితే రెండు మసక ఫొటోలు, ఒక పట్టిక దొరికాయి. పిల్లవాడికి అది సరిపోదు కదండీ. కట్టిమణి దూకడాన్ని పదిసార్లు తిప్పి చూసినవాడికి పట్టిక ఏం ఆనుతుంది?

మీకు తెలిసే ఉంటుంది, అయినా ఒకసారి చెప్పనివ్వండి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పును వరసగా ఐదుసార్లు ఎగరేసుకొచ్చింది. 1950లో, 1954లో, 1957లో డ్యూరాండ్ కప్పు కూడా గెలిచింది. 1961లో మళ్లీ డ్యూరాండ్ గెలిచింది కానీ అప్పటికి పేరు మారింది, ఆంధ్రా పోలీస్ అయింది. రాష్ట్ర జట్టు, రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని 1956-57లో, 1957-58లో హైదరాబాద్ పేరుతో, 1965-66లో ఆంధ్రప్రదేశ్ పేరుతో తెచ్చింది. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి కలకత్తా కొమ్ములు తిరిగిన క్లబ్బులు ఈ కానిస్టేబుళ్ల జట్టు పేరు చెబితే జంకే రోజులవి.

దీని వెనక ఉన్న మనిషి సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో ఆయన మీద హిందీ సినిమా కూడా వచ్చింది కాబట్టి ఆ పేరు ఇప్పుడు కొంతమందికి తెలుసు. ఆయన మొదట బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పి, తర్వాత వ్యాయామ విద్యలో డిప్లొమా చేశారు. అంటే మా కులవృత్తివారేనని మాకు చిన్న గర్వం. 1950 నుంచి 1963లో కన్ను మూసేదాకా పోలీస్ జట్టుకూ, భారత జట్టుకూ ఆయనే కోచ్. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్ బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్లీ బంగారం. ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా వెళ్లిన తొలి ఆసియా జట్టు మనదే. జకార్తా నాటికి ఆయనకు ఊపిరితిత్తుల క్యాన్సర్. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన తర్వాత ఏడాది కూడా బతకలేదు. ఆయన పోయాక ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో మనకు ఇంకో బంగారం రాలేదు.

రహీం సాబ్‌ను నేను చూడలేదు. ఆయన పద్ధతిని చూశాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఉన్న సీనియర్ సారు పాతకాలం మనిషి. నెలకో ఆదివారం 'డ్రిబ్లింగ్ లేని మ్యాచ్' పెట్టేవారు. బంతి వచ్చిందా, వెంటనే ఇచ్చెయ్యాలి. కాలి దగ్గర పెట్టుకుని షోకులు పోతే విజిల్. ఇంకో ఆదివారం ఎడమకాలి మ్యాచ్. కుడికాలు తగిలిందా, ఫౌల్. మొదటి వారం గ్రౌండంతా నవ్వులాటే. బంతిని తన్నబోయి గాలిని తన్ని దుమ్ములో వెల్లకిలా పడేవాళ్లు. మూడు వారాలయ్యాక ఎవ్వరూ నవ్వేవాళ్లు కాదు. నాలుగో వారానికి, ఎడమపక్క నుంచి బంతి వస్తే పక్కకు జరిగి కుడికాలికి మార్చుకునే అలవాటు పోయేది. ఆ అర సెకనే గోల్ అని సారు అనేవారు. ఇవి రహీం సాబ్ పెట్టిన పోటీలని, ఊళ్లో వీటికి టోర్నమెంట్లే జరిగేవని ఆయన చెబితే మొదట నమ్మలేదు. తర్వాత ముప్పై ఏళ్లు నేనూ అదే పెట్టాను. గ్రౌండ్‌కు గడ్డి కూడా అక్కర్లేని కోచింగ్ అది. ఒక విజిల్ చాలు.

సరే, రహీం సాబ్ పేరు కాస్తయినా నిలిచింది. నా బాధ మిగిలినవాళ్ల గురించి. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, లాయిక్, జుల్ఫికరుద్దీన్. ఈ పేర్లు మన స్పోర్ట్స్ కోటా ఇంటర్వ్యూలో అడిగితే ఎంతమంది చెబుతారు? అడిగే అధికారికైనా తెలుసా? యూసుఫ్ ఖాన్ డిఫెన్స్ అంటే డిఫెన్స్, ఫార్వర్డ్ అంటే ఫార్వర్డ్ ఆడాడు. జకార్తా ఫైనల్లో ఉన్నాడు, 1966లో అర్జున అవార్డు వచ్చింది. ఆఖరి ఏళ్లు పార్కిన్సన్స్‌తో గడిపి 2006లో పోయాడు.

మా వైపు మనిషి ఒకరున్నారు, తులసీదాస్ బలరామ్. ఊరు అమ్ముగూడ. తమిళ కుటుంబం, కంటోన్మెంట్ పక్కన పేదరికంలో పెరిగిన పిల్లవాడు. అక్కడి నుంచి హైదరాబాద్‌కు ప్రాక్టీసుకు రావడానికి బస్సు చార్జీ లేకపోతే, అద్దె సైకిలుకు రహీం సాబ్ డబ్బులిచ్చారని ఆయనే ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. అద్దె సైకిలు మీద అమ్ముగూడ నుంచి సిటీకి వచ్చి, ఆడి, మళ్లీ చీకట్లో తొక్కుకుంటూ వెళ్లడం ఎలా ఉంటుందో ఆ రోడ్డు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ సైకిలు కుర్రవాడే 1956లో మెల్‌బోర్న్ వెళ్లాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టాడు. పీకే బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్ అని ముగ్గురి పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పేవారు. ఊపిరితిత్తుల జబ్బు వచ్చి ముప్పై నిండకుండానే ఆట మానేశాడు. పీకేకు, చునీకి పద్మశ్రీ వచ్చింది. బలరామ్‌కు రాలేదు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో పోయారు. ఆ వారం అక్కడి అభిమానులు ఆయన్ను తలుచుకున్నంతగా ఇక్కడ ఎవరూ తలుచుకున్నట్టు నాకు కనబడలేదు. తప్పు మనదే. అమ్ముగూడ స్టేషన్ దగ్గర ఆడుకుంటున్న పిల్లల్ని ఈమధ్య అడిగాను, బలరామ్ ఎవరో తెలుసా అని. "మున్సిపాలిటీ సారా?" అన్నాడొకడు.

అదే ఏడాది ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్ ఇక్కడే, మన ఊళ్లోనే పోయారు. బడే మియా అని పిలిచేవారు. ఉద్యోగం వద్దని ఆటే వృత్తిగా బతికిన మనిషి, మన దేశంలో తొలి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్ అని ఆయన్నే అంటారు. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో మోహన్ బగాన్ 2-2తో డ్రా చేసుకుంది, అందులో ఒక గోల్ హబీబ్‌ది. 2025 డిసెంబర్ 13న మెస్సీ ఉప్పల్‌కు వస్తే ఊరు ఊరంతా టీవీలకు అతుక్కుపోయింది. నేనూ చూశాను, సంతోషపడ్డాను. ముఖ్యమంత్రి గారు బూట్లు కట్టుకుని దిగడం కూడా బాగుంది. కానీ పెలే ఎదురుగా గోల్ కొట్టినవాడి ఊరు ఇదని ఆ సాయంత్రం స్క్రీన్ మీద ఒక్క ఫొటో వేసి ఉంటే ఎంత ఖర్చయ్యేది?

ఇప్పుడు అసలు మాట. కలకత్తావాళ్లకు తమ చరిత్ర ఎందుకు గుర్తుంది, మనకు ఎందుకు లేదు? మనకు అభిమానం తక్కువని నేననుకోను. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ క్లబ్బులు. వాటికి సభ్యులున్నారు, ఆఫీసుంది, కప్పులు పెట్టుకునే అద్దాల బీరువా ఉంది. తాత సభ్యుడైతే మనవడూ సభ్యుడే. మన జట్టు సర్కారు శాఖ జట్టు. ఆడినవాళ్లు ఉద్యోగులు. రిటైరయ్యాక ఎవరి దారి వారిది. పైగా శాఖ పేరే రెండుసార్లు మారింది. హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది, ఆంధ్రప్రదేశ్ పోయి తెలంగాణ వచ్చింది. ప్రతిసారీ ఫైళ్లు పంచుకున్నారు, భవనాలు పంచుకున్నారు, బకాయిలు పంచుకున్నారు. ఐదు రోవర్స్ కప్పుల్ని పంచుకోవాలని ఎవరికీ తోచలేదు. నాకు తెలిసి ఏ ఉమ్మడి ఆస్తుల జాబితాలోనూ అవి లేవు. (1965-66 సంతోష్ ట్రోఫీ ఎవరి ఖాతాలో వెయ్యాలో ఇద్దరు ముఖ్యమంత్రులు కూర్చుని తేల్చుకుంటే చూడాలని నాకు సరదా.)

జట్టు సర్కారుదైనప్పుడు దాని వారసులు కూడా సర్కారే. అందుకే ఈ ఉత్తరం క్లబ్బుకో, ఫెడరేషన్‌కో కాక మీకు రాస్తున్నాను. పోలీసులు హోం శాఖ కిందికి వస్తారు, మా శాఖ కాదు కదా అని మీ పేషీలో ఎవరైనా నోట్ రాస్తే, దయచేసి ఆ నోట్‌ను పక్కన పెట్టండి.

ప్రైవేటు జట్లను నమ్ముకుంటే ఏమవుతుందో కూడా చూశాం. డెక్కన్ చార్జర్స్ 2009లో ఐపీఎల్ గెలిచింది, 2012లో లేకుండా పోయింది. ఈ హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి ఇంకా బాధ. 2022లో చాంపియన్, మరుసటి సీజన్‌లో లీగ్ పట్టికలో రెండో స్థానం, ఆ తర్వాతి ఏడు జీతాల గొడవలతో ఆటగాళ్లు వెళ్లిపోయి అట్టడుగు. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చేసుకుంది. వ్యాపారం వ్యాపారమే, వాళ్లను నేనేమీ అనను. కానీ మూడేళ్ల కిందట గచ్చిబౌలిలో గొంతు పోయేలా అరిచిన పిల్లలకు ఎవరూ ఒక మాట చెప్పలేదు. మా కోడలు మొన్న ఆ పసుపు జెర్సీని స్కూటర్ తుడిచే గుడ్డల్లో వేసింది. పొట్టిదైపోయింది, టీమూ లేదు కదా మామయ్యా అంది. ఆ అమ్మాయి అన్నదాంట్లో తప్పేముంది?

నేను అడిగేది పెద్దది కాదు. విగ్రహాలు వద్దు, ట్యాంక్‌బండ్ మీద చోటు లేదు. ఎల్బీ స్టేడియంలో, అంటే వాళ్లు ఆడిన పాత ఫతే మైదానంలో, ఒక గది ఇవ్వండి. అందులో ముందు ఒక జాబితా పెట్టండి. 1940ల నుంచి పోలీస్ జట్టుకు, రాష్ట్ర జట్టుకు ఆడిన ప్రతి మనిషి పేరు, ఊరు, ఏ పొజిషన్, ఏయే సంవత్సరాలు. పోలీస్ శాఖ పాత సర్వీస్ రిజిస్టర్లలో సగం దొరుకుతుంది. మిగతా సగం ఇళ్లలో ఉంది, గోడ మీది ఫొటోల్లో, ఇనప్పెట్టెల్లో, ముసలివాళ్ల నోళ్లలో. దానికి ఇద్దరు కుర్రాళ్లు, ఒక రికార్డర్, ఏడాది సమయం చాలు. ఉర్దూ వచ్చినవాళ్లయి ఉండాలి, అది మాత్రం మరిచిపోవద్దు. ఆలస్యం చేస్తే ఆ సగం దొరకదు. 2021లో రహీం సాబ్ కొడుకు, రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు హకీం గారు పోయారు. 2023లో బలరామ్, హబీబ్. ఇలా ఎన్ని రాయను.

మీరు పెట్టబోయే స్పోర్ట్స్ యూనివర్సిటీలో రహీం సాబ్ ఎడమకాలి మ్యాచ్ గురించి ఒక పాఠం కూడా ఉంటే బాగుంటుంది. అది మీ దయ.

నా దగ్గర రెండొందల పేజీల నోట్‌బుక్ ఒకటుంది. ముప్పై ఏళ్లుగా ఎవరైనా పాత ఆటగాడి గురించి చెబితే అందులో రాసుకున్నాను. 64 పేర్లయ్యాయి. 19 మందికి ఊరు తెలియదు, 11 మందికి పూర్తి పేరు తెలియదు, 'పొడుగు హాఫ్‌బ్యాక్, మల్లేపల్లి' అని మాత్రం ఉన్నాడొకడు. గుడ్డల్లోంచి తీసిన జెర్సీని ఆ నోట్‌బుక్‌కు అట్టలా చుట్టి పెట్టాను. ఎప్పుడు రమ్మంటే అప్పుడు పట్టుకొస్తాను. సీనియర్ సిటిజన్ని, బస్సులో సీటు ఇస్తారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ డ్రిల్ సారు
సికింద్రాబాద్