మా షాపులో పని మార్పు గురించి వినియోగదారులకు

బాలానగర్‌లోని మా షాపులో బోరు పంపు షాఫ్టులు, బుష్‌లు, ట్రాక్టరు విడిభాగాలు చేయించుకుంటున్న పెద్దలందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి మా సీఎన్‌సీ లేత్‌లలో (కంప్యూటరుతో నడిచే తిరుగుడు యంత్రాలలో) మూడింటిని ఫిరంగి గుండ్ల భాగాల తయారీకి పూర్తిగా కేటాయిస్తున్నాం. ఈ మాట ఎవరి ద్వారానో మీ చెవిన పడటం కన్నా, కారణాలతో సహా మేమే తెలియజేయడం న్యాయమని భావించి ఇది రాస్తున్నాం.

మొదటి కారణం డబ్బే. పంపు షాఫ్టుల ఆర్డర్లు కొంతకాలంగా వేసవికే పరిమితమయ్యాయి. యంత్రాల కిస్తీలు, కరెంటు బిల్లు, జీతాలు మాత్రం ఏడాది పొడవునా ఉంటాయి. చిన్న పరిశ్రమలకు 45 రోజుల లోపు సొమ్ము చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతున్నా, మా పెద్ద బిల్లులు కొన్ని ఆ గడువు దాటి నిలిచిపోతూనే ఉన్నాయి. అనుభవమున్న టర్నర్లను వదులుకోకుండా నిలబడాలంటే నిలకడగా సాగే పని ఒకటి మాకు అవసరం.

ఆ పని ఇప్పుడు మందుగుండు రంగంలో ఉంది. మన సైన్యం వద్ద ఉండవలసిన 152 రకాల మందుగుండులో 61 రకాలు పది రోజుల యుద్ధానికి కూడా చాలవని ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ 2017లో నివేదించింది. ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 155 మిల్లీమీటర్ల వ్యాసపు ఫిరంగి గుండ్లకు ప్రపంచమంతటా గిరాకీ పెరిగింది. ఏడాదిలో ఉక్రెయిన్‌కు పది లక్షల గుండ్లు ఇస్తామని 2023 మార్చిలో మాట ఇచ్చిన ఐరోపా సమాఖ్య, గడువు నాటికి దాదాపు సగమే ఇవ్వగలిగింది.

మేము చేసేది గుండు అడుగు భాగం దగ్గర చుట్టూ పట్టే రాగి పట్టీ, ముక్కు దగ్గర ఫ్యూజ్ (పేలుడును మొదలుపెట్టే పరికరం) బిగించే ఉక్కు వలయం మాత్రమే. పేలుడు పదార్థం మా ఆవరణలోకి రాదు. దాన్ని నింపే పని వేరే లైసెన్సు ఉన్న కర్మాగారాలలో, ఊళ్లకు దూరంగా జరుగుతుంది. ఫిరంగి గొట్టం లోపలి గాడులను పట్టుకుని గుండు తిరిగేలా చేసేది ఆ రాగి పట్టీయే కనుక, దాని కొలతల్లో తేడా వస్తే గుండు గురి తప్పుతుంది. రాగి మెత్తని లోహం, టూలుకు అంటుకుంటుంది. దానికి వాడే టూళ్లు, వేగాలు వేరు, దాని రజను ఉక్కు రజనుతో కలవకూడదు. ఉదయం రాగి, సాయంత్రం మీ షాఫ్టు అన్నట్టు ఒకే లేత్‌ను మార్చి మార్చి నడపడం కుదరకపోవడానికి కారణం ఇదే.

ఆయుధాల పని చేయడం సబబేనా అని మీలో కొందరు ఆప్యాయంగానే అడిగారు. మా ఇంట్లోనూ ఈ ప్రశ్న వచ్చింది. సరిహద్దులో కాపలా ఉన్న జవాను చేతిలోని ఫిరంగి ఖాళీగా ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ ఒప్పందంపై సంతకం చేసింది ఆ నమ్మకంతోనే.

మీ పనుల విషయానికి వస్తే, ఇప్పటికే తీసుకున్న ఆర్డర్లన్నీ పాత ధరకే పూర్తి చేస్తాం. కొత్త షాఫ్టులకు ఇకపై రెట్టింపు సమయం పట్టవచ్చు కాబట్టి వేసవి సరుకు కావలసినవారు సంక్రాంతి లోపే చెప్పండి. ట్రాక్టరు విడిభాగాలు ఇక చేయలేము. ఆ డ్రాయింగులు, జిగ్‌లు (భాగాన్ని పట్టి ఉంచే బిగింపులు) మీవే కనుక వచ్చి తీసుకువెళ్లవచ్చు, అదే పని చక్కగా చేసే పక్క షాపులవారికి స్వయంగా పరిచయం చేస్తాం. రక్షణ డ్రాయింగులు బయటి కంట పడరాదన్న షరతు ఉన్నందున, ఇదివరకటిలా నేరుగా లేత్ దగ్గరకు వచ్చి మీ పని చూసుకునే వీలు ఇకపై ఉండదు. తనిఖీ కోసం ముందు గదిలో కొలత పరికరాలతో బల్ల ఏర్పాటు చేస్తున్నాం.